నిరోధక జన్యువును ఒంటరిగా పొలంలోకి వదలవద్దు

ప్రయోగ క్షేత్రంలో ఒక్క మచ్చ కూడా లేని ఆకును చూసి, ఆ గోధుమ రకమే గట్టిదని తేల్చే ధోరణి వంగడాల ఎంపికలో ఇప్పటికీ బలంగా ఉంది. ఆ శుభ్రతకు కారణం ఒకే ఒక్క నిరోధక జన్యువైతే, అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఆకును చూసి చెప్పలేం. రై అనే ధాన్యపు పంట నుంచి గోధుమలోకి వచ్చిన ఎస్ఆర్31 జన్యువు కాండం కుంకుమ తెగులును దశాబ్దాల పాటు ఎన్నో దేశాల్లో అడ్డుకుంది. 1998లో ఉగాండాలో బయటపడి, తర్వాత యూజీ99గా పేరుపడిన, ఆ తెగులును కలిగించే శిలీంధ్రపు తెగ ముందు అది నిలవలేకపోయింది.

ఇటువంటి జన్యువుల్లో చాలా భాగం కాపలా ప్రొటీన్లను తయారుచేస్తాయి. శిలీంధ్రం కణంలోకి పంపే ఒకానొక ప్రొటీన్‌ను ఇవి గుర్తించగానే ఆ కణం తనంతట తానే చనిపోతుంది. బతికున్న కణాలపైనే ఆధారపడే కుంకుమ శిలీంధ్రానికి ఆహారం అందదు. అయితే ఆ ఒక్క ప్రొటీన్ రూపం మారినా, శిలీంధ్రం దాన్ని వదులుకున్నా కాపలా పనిచేయదు. కోట్ల సంఖ్యలో సిద్ధబీజాలు (స్పోర్లు) గాలిలో ప్రయాణించే జీవికి ఆ మార్పు అసాధ్యం కాదు.

గోధుమలోని మరో నిరోధక జన్యువు ఎల్ఆర్34 తీరు వేరు. 2009లో దీన్ని వేరుచేసి చూసినప్పుడు, ఇది కాపలా ప్రొటీన్ కాదని, కణపొరల గుండా పదార్థాలను చేరవేసే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువని తేలింది. మొక్క ఎదిగాకే దీని ప్రభావం బాగా కనిపిస్తుంది. పొక్కులు వస్తాయి, కాని తక్కువగా, చిన్నవిగా, ఆలస్యంగా వస్తాయి. ఆకు కొనలు కొంత ఎండుతాయి కూడా. వంగడాల ఎంపికలో ఇచ్చే మార్కుల పట్టికలో వెనుకబడే ఈ జన్యువే మూడు రకాల కుంకుమ తెగుళ్లనూ, బూడిద తెగులునూ దాదాపు వందేళ్లుగా నెమ్మదింపజేస్తోంది.

బలమైన రక్షణ ఎప్పుడూ త్వరగా కూలుతుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. బార్లీలో ఎంఎల్ఓ జన్యువు పనిచేయకుండా పోతే బూడిద తెగులు శిలీంధ్రం కణంలోకి చొరబడలేదు. 1979 నుంచి సాగులో ఉన్న ఆ రక్షణ ఇప్పటికీ నిలిచే ఉంది.

2021లో అయిదు నిరోధక జన్యువులను ఒకేచోట కూర్చి, ఒకే జన్యువులా సంక్రమించేలా గోధుమలో ప్రవేశపెట్టారు. శిలీంధ్రం వాటన్నిటినీ ఒకేసారి దాటాల్సి వస్తుంది కాబట్టి నాకు ఆశ కలిగించే దారి ఇదే. అయితే వాటిలో ఏదైనా ఒకటి మరోచోట విడిగా సాగులోకి వస్తే, శిలీంధ్రం దాన్ని అక్కడే దాటేస్తుంది, కూర్పులో ఒక అంచె ముందుగానే వృథా అవుతుంది. కాబట్టి కాపలా జన్యువు ఒక్కటే ఉన్న రకానికి విడుదల అనుమతి ఇవ్వకూడదు. కొద్దిపాటి పొక్కులున్నా తెగులు వ్యాప్తిని నెమ్మదింపజేసే రకాలకు మార్కులు పెంచాలి.