తోకచుక్కా, మా ఆయన ఫోనూ

(కామేశం సోఫాలో పడుకుని ఫోన్ గీకుతున్నాడు. సుభద్ర చంకలో పుస్తకాలతో వచ్చింది.)

కామేశం: పొద్దుననగా పోయావు! ఈలోగా హేలీ తోకచుక్క మీద నా వ్యాసం దాదాపు అయిపోయింది.

సుభద్ర: ఏదీ, చదవండి.

కామేశం: "1910లో తోకచుక్క విషవాయువుకు వేలమంది బలి." పది సైట్లలో ఉంది!

సుభద్ర: పదింట్లోనూ అదే వాక్యమా?

కామేశం: అక్షరం పొల్లుపోలేదు.

సుభద్ర: ఒకడు రాశాడు, తొమ్మిదిమంది ఎత్తి రాశారు. లైబ్రరీలో ఆనాటి పేపర్లే మైక్రోఫిల్ములో చూసొచ్చాను. తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉందన్నారు, మే నెలలో భూమి ఆ తోకలోంచి పోతుందన్నారు. ఫ్లమారియన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాంతో జీవరాశి అంతా పోవచ్చన్నాడని పేపర్లు రాసేసరికి జనం హడలిపోయారు. కొందరు ఆ విషానికి విరుగుడంటూ తోకచుక్క మాత్రలు కూడా అమ్ముకున్నారు. తీరా చూస్తే ఆ వాయువు మరీ పల్చన. ఎవరికీ ఏమీ కాలేదు.

కామేశం: మాత్రలా! నా ఫోన్‌లో రాలేదే?

సుభద్ర: మీరు అడగందే అదెలా చెప్తుంది?

కామేశం: నువ్వు మాత్రం అడిగావా?

సుభద్ర: లేదు. తోకచుక్కల పుస్తకం కోసం 523.6 దగ్గరికి వెళ్తే, పక్క పుస్తకం వెనక పదసూచిలో 'మాత్రలు' కనిపించింది.

కామేశం: అదేం నంబరు, కరెంటు మీటరుదా?

సుభద్ర: డ్యూయీ అనే అమెరికా లైబ్రేరియన్ 1876లో మొదలెట్టిన పుస్తకాల వర్గీకరణ. 500ల్లో విజ్ఞానం, 520ల్లో ఖగోళం. ఒకే విషయం మీద పుస్తకాలన్నీ ఒకచోటే ఉంటాయి. వెతికింది దొరక్కపోయినా, వెతకాల్సింది దొరుకుతుంది.

కామేశం: పుస్తకం లేకపోతే?

సుభద్ర: వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తామన్నారు. డబ్బు కడితేగానీ తెరుచుకోదని మీరు తిట్టుకున్న జర్నల్ వ్యాసం కూడా అక్కడి కంప్యూటర్లో ఊరికే చదివాను. చందా వాళ్లే కడతారు.

కామేశం: (లేచి కూర్చుని) నిజంగా?

సుభద్ర: అన్నిటికన్నా ఆ లైబ్రేరియన్ నచ్చింది. "తోకచుక్క గురించా, జనం భయం గురించా?" అని అడిగింది. దాంతో నా వ్యాసం దారి తేలిపోయింది.

కామేశం: నేనూ అడుగుతాగా!

సుభద్ర: మీరడిగేది "వంటయిందా?" అని. తారీఖు చూసుకోవాలంటే మీ ఫోన్ చాలు, కాదనను.

కామేశం: సరే, ఆ పుస్తకాలు ఇటివ్వు. కాస్త మార్చి పంపేస్తాను.

సుభద్ర: కుదరదు. అదే పత్రికకు నేనూ రాస్తున్నానుగా.

కామేశం: నువ్వా! మరి నా వ్యాసం?

సుభద్ర: మీకేం తొందర? తోకచుక్క మళ్లీ 2061లో గానీ రాదు.