‘నెప్’ మహాశయులకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ నెప్ గారికి,

కొరియన్ నేర్చుకుంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. పై అధికారి మాటకు చిత్తమండీ అని బదులిచ్చే కొరియన్ మాట తమరు. దక్షిణ కొరియా ఆఫీసుల్లో మీరు లేనిదే పొద్దు గడవదట. 2010లో మొదలైన కకావో టాక్ అనే సందేశాల యాప్‌లో, పంపిన సందేశాన్ని ఇంకా ఎందరు చదవలేదో పక్కనే అంకె చెబుతుంది కనుక, చదివి ఊరుకునే సౌఖ్యం ఉద్యోగికి లేదు. అవునని ఉత్త ‘నే’ అంటే ముభావంగా, రెండుసార్లు అంటే విసుగ్గా, ‘నెంగ్’ అంటే గారాలు పోయినట్టుగా పై అధికారికి తోస్తుందేమోనన్న భయంతో జనమంతా మీ పంచన చేరారు. చివరికి మీ పేరిట ‘నెప్‌బ్యొంగ్’ అని ఒక జబ్బుకే నామకరణం జరిగింది. ఇంతటి కీర్తి సాధించిన ఏకాక్షరి మరొకటి నాకు తెలియదు.

ఆజ్ఞను శిరసావహించడం మీ వృత్తి. అందుకు నాకు అభ్యంతరం లేదు. మనస్ఫూర్తిగా ఔననే మాటల పీట మీద కూడా మీరే కూర్చోవడమే నా ఫిర్యాదు. ఎదుటివాడు చెప్పింది తాను ముందే అనుకుంటున్నవాడు ‘గురొనికాయో’ అంటాడు. అప్పటిదాకా తట్టకపోయినా వినగానే నిజమేననిపించినవాడు ‘గురొగెయో’ అని నిట్టూరుస్తాడు. ‘మజాయో’ ఇద్దరికీ పనికొస్తుంది. కుర్రకారు ‘ఇంజొంగ్’ అని ఒక్క ముక్కలో ఒప్పేసుకుంటారు. (మా వంటి విద్యార్థులు ‘దొంగియిహమ్నిదా’ (ఏకీభవిస్తున్నాను) అని బట్టీ పట్టి, ఎండ మండిపోతోందన్న మాటకు సైతం సభలో తీర్మానాన్ని బలపరుస్తున్నట్టు పలుకుతారు. అది మా ఖర్మ, మీ తప్పు కాదు.)

మీ దేశంలో వినడం ఒక కళ. 2003లో యునెస్కో గుర్తింపు పొందిన పాన్‌సోరి అనే పాటకథలో గాయకుడి పక్కన డోలు పట్టుకుని కూర్చునే గోసు, పాట విరిగే చోటు కనిపెట్టి ‘ఒల్‌శిగు’ (భళా) అనో ‘గురొచి’ (అదీ మాట) అనో అందిస్తాడు. గాయకుడి కన్నా గోసుకే ముందు పీట వేసే సామెత కూడా ఉంది. బుర్రకథలో వంతలు ‘తందాన తాన’ అనడం ఎరిగిన మాకు ఈ మర్యాద కొత్త కాదు, అయితే వంత పాడడం అన్న మాటను తిట్టుగా మార్చుకున్న ఘనత కూడా మాదే. గోసు పాట విన్నాకే నోరు విప్పుతాడు. మీరో, సందేశం పూర్తిగా చదవకముందే హాజరవుతారు.

పైగా మీ ఒంటి నిర్మాణమే అనుమానాస్పదం. ‘నే’ కింద ఒక పకారాన్ని తగిలించుకున్నారు. దాన్ని పలికేసరికి పెదవులు మూతపడతాయి, విడిచే ఊపిరి కూడా ఉండదు.

కనుక మనవి ఒక్కటే. మీ పెద్దమ్మ ‘నే’కి స్వరం కాస్త పైకెత్తితే ‘ఏమిటీ?’ అని అడిగే శక్తి వస్తుంది. శుక్రవారం సాయంత్రం ఏడింటికి, సోమవారం పొద్దున్నకల్లా నివేదిక కావాలని సందేశం వచ్చినప్పుడైనా, దయచేసి ఆవిడను ముందుకు రానివ్వండి.

ఇట్లు,
తమ విధేయుడు కాని ఒక విద్యార్థి