గగన దూరంపై సిక్కోలు ప్రజల అపోహలు

శ్రీకాకుళం నుంచి కోల్‌కతాకు విమాన దూరమెంతని అంతర్జాలాన్ని అడిగినవారికి, సుమారు 680 కిలోమీటర్లనీ, ప్రయాణం గంటన్నర లోపేననీ తడుముకోకుండా జవాబు వస్తుంది. శ్రీకాకుళంలో విమానాశ్రయం లేదన్న అల్ప విషయం ఆ జవాబుకు అడ్డు రాదు. గణితానికి ప్రతి ఊరూ ఒక చుక్క. 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల గోళం మీద రెండు చుక్కల నడుమ అతి దగ్గరి చాపాన్ని గీసి, దాని పొడవును గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలిపితే దాని బాధ్యత తీరిపోతుంది. ఆ చుక్కలో కాపురముంటున్న మనిషి విమానం దాకా ఎలా చేరతాడన్నది పూర్తిగా అతని సొంత వ్యవహారం.

కోల్‌కతాకు దగ్గరలోని ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన బంధువుల ఇంట పెళ్లికి సిక్కోలు పెద్దమనిషి ఒకరు ఆకాశమార్గాన బయలుదేరారనుకుందాం. కోల్‌కతా ఈశాన్యాన ఉన్నది కనుక ఆయన ముందుగా నైరుతికి పోవాలి. జాతీయ రహదారి మీద 110 కిలోమీటర్లు వెనక్కి నడిచే ఈ ముందడుగుకు రెండున్నర గంటలు పడుతుంది. బయలుదేరే వేళకు గంట ముందే కౌంటరు మూసివేస్తారు గనుక, విశాఖలో మరో రెండు గంటలు కూర్చోవడం వివేకుల లక్షణం. ఆ తరువాత విమానం లేస్తుంది. విశాఖ నుంచి కోల్‌కతాకు గీసిన సరళరేఖ దాదాపుగా శ్రీకాకుళం మీదుగానే పోతుంది. గగనతల నియంత్రణవారు దారిని కాస్త అటూ ఇటూ జరిపినా, రోడ్డు మీద రెండున్నర గంటలు పట్టిన దూరాన్ని విమానం పది పన్నెండు నిమిషాల్లో వెనక్కి తెచ్చి పెద్దమనిషికి అప్పగిస్తుంది. కిటికీ పక్క సీటుకు అదనపు రుసుము చెల్లించినవారు, వీధి తలుపుకు తాళం వేశామో లేదో పైనుంచే చూసుకోవచ్చు. ఇంతటి సదుపాయాన్ని కూడా కొందరు కష్టమని పిలుస్తున్నారు.

విమాన సంస్థల లెక్కలో ప్రయాణ సమయమంటే, విమానం నిలిచిన చోటు నుంచి కదిలినది మొదలు దిగిన చోట ఆగేవరకే. మిగిలినదంతా జీవితం కింద జమ అవుతుంది. ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం వచ్చేశామని సంతృప్తి చెందడం రైల్వేవారు మనకు తరతరాలుగా నేర్పినదే. ‘శ్రీకాకుళం రోడ్’ అన్న ఆ స్టేషను పేరులోని ‘రోడ్’ అనే మాటలోనే మిగిలిన పది పన్నెండు కిలోమీటర్లూ ఇమిడి ఉన్నాయి.

ఇక, విశాఖ విమానాశ్రయానికి బదులుగా విశాఖకూ శ్రీకాకుళానికీ నడుమ తలపెట్టిన కొత్త విమానాశ్రయం, భోగాపురం. ఆ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరొకసారి శంకుస్థాపన జరగడాన్ని వెక్కిరించేవారు, రన్‌వేకు రెండు చివరలుంటాయన్న సంగతి మరువరాదు. అక్కడి నుంచి విమానాలు ఎగిరితే మన వెనుక నడక సగానికి తగ్గుతుందన్న మాట నిజమే. అయితే హైదరాబాదు పోదలచిన విశాఖవాసులు ఈశాన్యానికి నలభై కిలోమీటర్లకు పైగా వచ్చి, విమానమెక్కి, తిరిగి తమ ఊరి వైపే ఎగరవలసి వస్తుంది. దూరం పెరుగుతుందని వారు ఇప్పటి నుంచే దిగులు పడుతున్నట్టు వినికిడి. ముందుకు పోవడానికి వెనక్కి పోవడమనే విద్యలో వారికి శిక్షణ ఇవ్వడానికి మన జిల్లాలో అనుభవజ్ఞులకు కొదవ లేదు. రుసుము మాత్రం గగన దూరానికి కాక, రోడ్డు దూరానికే వసూలు చేయాలి.