అధ్యక్షుల లైబ్రరీల మీద తిరుగుతున్న ఆ మెసేజ్ చాలావరకు తప్పు

మళ్ళీ వచ్చింది ఆ మెసేజ్. ఈసారి పంపింది డాలస్‌లో ఉండే మా వదిన, అంతకుముందు మా మేనమామ, ఆయనకన్నా ముందు కాలేజీ గ్రూపులో సగం మంది. చదవనివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే అందులో ఉన్నది ఇదీ: అమెరికాలో ప్రతి అధ్యక్షుడి పేరు మీదా ఒక లైబ్రరీ (ఆయన పాలన నాటి కాగితాలు దాచే చోటు), మ్యూజియం ఉంటాయి, వాటికి ప్రభుత్వం ఒక్క డాలరు కూడా ఇవ్వదు, అధ్యక్షుడే తన డబ్బు వేసి దాతల్ని కూడగడతాడు, ఆ దాతల ఎండోమెంట్ (అసలు ముట్టకుండా ఉంచే మూలనిధి) మీద వచ్చే రాబడితోనే భవనం, జీతాలు, బడిపిల్లల కార్యక్రమాలు అన్నీ కలకాలం ఉచితంగా నడుస్తాయి, ఇచ్చినవాళ్లు తిరిగి ఏమీ ఆశించరు, మన దగ్గర మాత్రం నాయకులకు విగ్రహాలు తప్ప ఇంకేం లేవు. చివర్లో 'ప్రతి భారతీయుడూ చదవాలి' అని ఒక ముక్తాయింపు.

అధ్యక్షుడి సొంత డబ్బు అన్నది కట్టుకథ. కట్టించేది ఫౌండేషన్, ఆ డబ్బు చందాలది. ప్రతి అధ్యక్షుడికీ ఉందన్నదీ అంతే. ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే సర్కారు సంస్థ నేషనల్ ఆర్కైవ్స్ చేతిలో ఉన్నవి 1929లో అధ్యక్షుడైన హూవర్ నుంచి ఇటువైపువే. మౌంట్ వెర్నన్‌లో వాషింగ్టన్ లైబ్రరీ ప్రైవేటు సంస్థది, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ లైబ్రరీ ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వానిది.

నాకు ఒళ్లు మండేది ఆ 'ఒక్క డాలరు కూడా ఇవ్వదు' దగ్గర. న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చందాలతో భవనం కట్టించి ప్రభుత్వానికి అప్పగించాడు, 1941లో మ్యూజియం తెరిచారు. 1955లో చట్టం చేసి అదే పద్ధతిని మిగతావాళ్లకూ వర్తింపజేశారు. అంటే భవనం దాతలది, దాన్ని నడిపే భారం ప్రభుత్వానిది. మొదటినుంచీ ఒప్పందం ఇదే. ఆ భారం ఏటా పెరుగుతుంటే 1986లో కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఇంకో నియమం పెట్టింది: భవనం అప్పగించేటప్పుడు దాని ఖర్చులో 20 శాతానికి సమానమైన ఎండోమెంట్ కూడా చేతిలో పెట్టాలి. ఇది కూడా 1985 తర్వాత మొదటిసారి ప్రమాణ స్వీకారం చేసినవాళ్లకే. కాబట్టి హూవర్ నుంచి రీగన్ దాకా ఎవరికీ వర్తించలేదు. వర్తించింది పెద్ద బుష్‌కు, క్లింటన్‌కు, చిన్న బుష్‌కు. చిన్న బుష్ తర్వాత వచ్చేవాళ్లకు దాన్ని 60 శాతానికి పెంచారు.

ఇప్పుడు ఆ 20 శాతం ఎంతకు వస్తుందో లెక్క వేద్దాం. తిరుమల అన్నప్రసాదం ట్రస్టుకు ఇచ్చిన డబ్బును బ్యాంకులో వేసి, దాని వడ్డీతో భోజనాలు పెడతారు కదా, ఇదీ అలాంటిదే, అసలు ముట్టుకోరు. భవనానికి 10 కోట్ల డాలర్లు అయిందనుకోండి. ఎండోమెంట్ 2 కోట్లు. ఏటా 4 శాతం వాడుకుంటే వచ్చేది 8 లక్షల డాలర్లు. కోట్ల కొద్దీ కాగితాలు పాడవకుండా రాత్రీ పగలూ ఏసీ, తేమ అదుపులో ఉంచాలి, కాపలా, లిఫ్టులు, పైకప్పు మరమ్మతులు చూసుకోవాలి. వీటికే ఆ 8 లక్షలు చాలవు. పైగా చట్టం ఆ డబ్బు అడిగింది భవనం నిర్వహణ కోసం, పిల్లల చదువు కోసం కాదు. కాగితాలు సర్ది, చదివి, బయటపెట్టే ఆర్కైవిస్టుల జీతాలు కాంగ్రెస్ ఇచ్చే బడ్జెట్‌లోంచి వస్తాయి. 2013 అక్టోబరులో బడ్జెట్‌కు ఆమోదం దొరక్క ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు ఈ లైబ్రరీలకు తాళాలు పడ్డాయి. అన్నీ దాతల రాబడితోనే నడుస్తుంటే ఆ తాళాలు ఎందుకు పడ్డాయో ఈ మెసేజ్ రాసినవాళ్లు చెప్పాలి.

మరి పిల్లల కార్యక్రమాలకు డబ్బెక్కడిది? అది వేరే సంచి. ప్రతి లైబ్రరీ పక్కనా ఒక లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఉంటుంది, అది విడిగా చందాలు పోగుచేస్తుంది, విడిగా నిధులు పెట్టుకుంటుంది. మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ అనే ఊళ్లో ట్రూమన్ లైబ్రరీలో వైట్‌హౌస్ డెసిషన్ సెంటర్ ఉంది, 2001 నుంచి నడుస్తోంది. వైట్‌హౌస్‌లో అధ్యక్షుడి ఆఫీసుండే వెస్ట్ వింగ్‌ను పోలిన గదుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి, ఒకప్పుడు రహస్యంగా ఉంచిన అసలు కాగితాల నకళ్లు చేతికిస్తారు. ఒకడు ట్రూమన్, ఇంకొకరు విదేశాంగ మంత్రి, మరొకరు సైనిక సలహాదారు. కొరియాకు సైన్యాన్ని పంపాలా వద్దా, బెర్లిన్ దిగ్బంధాన్ని ఎలా ఎదుర్కోవాలి అని వాదించుకుని, నిర్ణయం తీసుకుని, చివర్లో ప్రెస్ మీట్ పెట్టి జవాబు చెప్పాలి. సీమీ వ్యాలీలో రీగన్ లైబ్రరీలో 1983లో గ్రెనడా దీవి మీద అమెరికా చేసిన దాడి మీద ఇలాంటిదే ఉంది, అక్కడ విలేకరుల గది కూడా పిల్లలదే. మన దగ్గర సోషల్ పుస్తకం బట్టీపట్టి పరీక్ష రాసినవాణ్ణి కాబట్టి ఇది తలుచుకుంటే నాకు అసూయే.

కానీ ఒక్కసారి లోపలికి చూడండి. ఆ గదులు కట్టించిందీ, ఆ ఆటకు సిబ్బందిని పెట్టించిందీ ఎక్కువగా దాతల డబ్బు. పిల్లల చేతిలో పెట్టిన కాగితం మాత్రం ప్రభుత్వ ఆర్కైవిస్టు పరిశీలించి, వర్గీకరించి, విడుదల చేసింది. రెండోది ఆగిపోతే మొదటిది ఖాళీ నాటకం. అందుకే ఈ మెసేజ్ ప్రమాదం అంటున్నాను. అమెరికాలో ఓటు హక్కున్న మనవాళ్లే దీన్ని నమ్మి 'ఆర్కైవ్స్ బడ్జెట్ కోస్తే మనకేంటి, దాతలున్నారుగా' అంటున్నారు. దాత హాలు మీద పేరు కోసం ఇస్తాడు, పిల్లల పోటీకి ఇస్తాడు. పాత ఫైళ్లు తిరగేసే గుమాస్తా జీతానికి ఎంతమంది ముందుకొస్తారు?

'కలకాలం' అట! స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ లైబ్రరీకి అండగా ఉన్న ఫౌండేషన్ 2007లో పెద్ద అప్పు చేసి ఒక ప్రైవేటు సేకరణ కొన్నది, అందులో లింకన్‌దని చెప్పిన టోపీ నిజంగా ఆయనదేనా అని తర్వాత అనుమానాలు వచ్చాయి. అప్పు తీరక 2018లో కొన్ని వస్తువులు వేలం వేసింది, 2025లో హత్య జరిగిన రాత్రి లింకన్ దగ్గరున్న నెత్తుటి మరకల చేతి తొడుగులు కూడా వేలానికి పెట్టింది. ఇంకేం కలకాలం?

ఇక, ఇచ్చినవాళ్లు ఏమీ ఆశించరన్న మాట. యోర్బా లిండాలో నిక్సన్ లైబ్రరీ 1990 నుంచి 2007 దాకా పూర్తిగా ప్రైవేటు చేతిలో ఉంది. నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణం అంటే ఆయన మీద ప్రత్యర్థులు చేసిన కుట్ర అన్నట్టు అక్కడ గోడల మీద రాసిపెట్టారు, బడిపిల్లలు అదే చదువుకుని ఇళ్లకు వెళ్లారు. నేషనల్ ఆర్కైవ్స్ చేతికి వచ్చాక ఆ గ్యాలరీ పీకేశారు, కొత్తది ఫౌండేషన్ అభ్యంతరాలు దాటుకుని 2011లో గానీ తెరుచుకోలేదు. క్లింటన్ 2001లో పదవి దిగే రోజున, కేసులు తప్పించుకుని విదేశాల్లో ఉన్న వ్యాపారి మార్క్ రిచ్‌కు క్షమాభిక్ష పెట్టాడు. రిచ్ మాజీ భార్య అప్పటికే క్లింటన్ లైబ్రరీకి 4.5 లక్షల డాలర్లు ఇచ్చి ఉంది. విచారణ జరిగింది, క్లింటన్ మీద ఏ కేసూ పెట్టలేదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ పదవిలో ఉండగానే అధ్యక్షుడి లైబ్రరీకి ఎవరెంత ఇస్తున్నారో బయటపెట్టాలనే బిల్లు ప్రతినిధుల సభలో ఒకటికి రెండుసార్లు నెగ్గినా చట్టం కాలేదు. ఏమీ ఆశించనివాళ్ల పేర్లు దాచాల్సిన అవసరం ఏముంది?

అయినా ఒకటి ఒప్పుకుంటాను. ప్రైవేటు డబ్బు లేకపోతే ఆ డెసిషన్ సెంటర్ పుట్టేది కాదు. ఏ ప్రభుత్వమూ 'అధ్యక్షుడు ఇక్కడ తప్పు చేశాడేమో, మీరైతే ఏం చేస్తారు' అని పిల్లల్ని అడగడానికి తనంతట తాను గదులు కట్టించదు. చికాగోలో ఒబామా సెంటర్ ఇంకో అడుగు ముందుకు వేసింది. మ్యూజియం మొత్తం ఫౌండేషన్‌దే, కాగితాలు మాత్రం డిజిటల్ రూపంలో నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర. అక్కడ పిల్లలకు ఏం చెప్తారో సర్కారు కన్ను లేకుండా తేలుతుంది. నిక్సన్ అనుభవం తర్వాత నాకు అది భయంగానే ఉంది.

విగ్రహాల మాట తీసిపారేద్దామనుకున్నాను. ఢిల్లీలో ఒకప్పటి నెహ్రూ నివాసం, ఇప్పుడు మ్యూజియం, లైబ్రరీ అయిన తీన్‌మూర్తి ఉంది, బొల్లారం రాష్ట్రపతి నిలయం 2023 నుంచి ఏడాది పొడవునా జనానికి తెరిచారు, రామేశ్వరంలో కలాం స్మారకం ఉంది, 'ఇంకేం లేవు' అనడం తప్పే. కానీ నెహ్రూ కాగితాల్లో 51 పెట్టెలు 2008లో తీన్‌మూర్తి నుంచి కుటుంబం దగ్గరికి వెళ్లిపోయాయి, తిరిగివ్వమని ఆ సంస్థ 2025లో ఉత్తరాలు రాసింది. అమెరికాలో 1978 చట్టం ప్రకారం రీగన్ నుంచి ఇటు అధ్యక్షుల అధికారిక కాగితాలు ప్రజల సొత్తు, కుటుంబానివి కావు. వదినా, పొగడాలనిపిస్తే ఆ చట్టాన్ని పొగుడుతూ ఒక మెసేజ్ రాయి, అందరికంటే ముందు నేనే ఫార్వర్డ్ చేస్తాను.