ఫ్యానుకి పట్టిన అల్లం

ఇంట్లో నిజం బీరు కాయడానికి ఎక్సైజు చట్టం ఒప్పుకోదు. అంచేత బెంగళూరు మారతహళ్లిలోని తెలుగు బ్రహ్మచారి అల్లం బీరుతో సరిపెట్టుకుంటాడు. చిన్నపిల్లల పానకంలాంటిదే కదా అనుకుంటాడు పాపం.

ముందు తోడు తయారుచేయాలి. అర లీటరు నీళ్లలో పెద్ద చెంచాడు అల్లం తురుము, అంతే పంచదార వేసి, పలచటి గుడ్డ కట్టి, రోజూ మళ్లీ అంతంత వేస్తూ కలుపుతుండాలి. అల్లానికి చెక్కు తీయకూడదు, పులియబెట్టే ఈస్టు ఉండేది ఆ తొక్క మీదే. పెద్దలు నేర్పిన శుభ్రతకొద్దీ చెక్కు తీసి, వేణ్ణీళ్లతో కడిగినవాడికి వారమైనా బుడగ కనిపించదు. కుళాయి నీళ్లయితే కాచి చల్లార్చాలి, క్లోరిన్ పడితే ఈస్టు లేవదు. బెంగళూరులో నాలుగైదు రోజులకి నురగ కడుతుంది, చెన్నైలో ఇంకా ముందే. ఇడ్లీ పిండి లెక్కే.

తర్వాత లీటరు నీళ్లలో 100 గ్రాముల అల్లం, 150 గ్రాముల పంచదార పావుగంట మరిగించి వడకట్టి, ఇంకో లీటరు చన్నీళ్లు, రెండు నిమ్మకాయల రసం కలిపి, బాగా చల్లారాక అరకప్పు తోడు పోయాలి. వేడి మీద పోస్తే ఈస్టు చచ్చిపోతుంది. ఇందాకా అందరూ బాగానే చేస్తారు. కొంప మునిగేది సీసా దగ్గరే.

వాడేసిన కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా చాలు, శ్రేష్ఠం కూడా. మనవాడికది నామోషీ. తీగ బిరడాతో నలుపలకల గాజు సీసాలు తెస్తాడు. అవి షోకేసులో పెట్టుకోడానికి పనికొస్తాయి, ఒత్తిడికి ముందు మూలలే చిట్లుతాయి. లీటరు ద్రవంలో 4 గ్రాముల పంచదార పులిస్తే దాదాపు లీటరు గ్యాసు పుడుతుంది. లీటరు మామూలు బీరుకి రెండున్నర లీటర్ల గ్యాసు చాలు. ఇక్కడ లీటరుకి 75 గ్రాములుంది, మొత్తం పులిసిందంటే పద్దెనిమిది లీటర్ల పైమాటే! ఆ సీసాలు రెండూ సజ్జ మీద పెట్టి, ఆవకాయలా ఊరనీ అనుకుని, వారంపాటు విజయవాడ వెళ్లొస్తాడు.

వచ్చీ రాగానే ఒకటి దించి, ఫ్రిజ్‌లో పెట్టకుండానే తీగ ఎత్తుతాడు. వెచ్చటి నీళ్లలో గ్యాసు నిలవదు. బిరడా ట్యూబులైటుకి తగులుతుంది, వెనకే తెల్లటి ధార, అల్లం పీచుతో సహా, తిరుగుతున్న ఫ్యానుకి. ఫ్యాను దాన్ని నాలుగు గోడలకీ సమానంగా పంచుతుంది. పీచు మిగలకుండా వడకట్టి ఉంటే ఇంత పొంగేది కాదు. బుడగలు పుట్టేది దాన్ని పట్టుకునే.

కింది పోర్షన్ ఆంటీ పరుగున వస్తుంది.

"ఏం బాబూ, కుక్కర్ పేలిందా?"

"లేదాంటీ, అల్లం."

"అల్లం పేలడమేంటయ్యా?"

ప్లాస్టిక్ సీసా అయితే నాలుగు వేళ్ల ఖాళీ వదిలి నింపి, పూటపూటా నొక్కి చూడొచ్చు. రాయిలా గట్టిపడిందంటే, అది ఒకటి రెండు రోజులకే అయినా సరే, ఆ క్షణమే ఫ్రిజ్‌లోకి. మర్నాడు సింకులో పెట్టి, మూత కొద్దికొద్దిగా తిప్పాలి. గాజుదైతే ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. కళ్లకి అద్దాలు, చేతులకి మందం తొడుగులు వేసుకుని, దళసరి తువ్వాలు చుట్టి, బకెట్లో పెట్టి ఫ్రిజ్‌కి మోయాలి. చల్లబడ్డాకే ఒత్తిడి దిగుతుంది.

"ఇంకోటి ఉందా?" అంటుంది ఆంటీ, నేల మీద జిగురు తొక్కుతూ.

"ఉందాంటీ. మీ తలమీద, సజ్జలో."