ఒక్క కాగితం ఇవ్వకపోతే ఎవరికి లాభం?

బీచ్ రోడ్డు వాకర్స్ గ్రూపులో పుట్టిన మెసేజ్, గాజువాక చుట్టాల గ్రూపు చుట్టేసి, మా జిల్లా కోర్టు లాయర్ల గ్రూపులోకీ వచ్చేసింది. మొదటి రెండు చోట్లా ఊరుకున్నాను. నల్లకోటు వాళ్లు కూడా చదవకుండా ఫార్వర్డ్ కొడుతుంటే ఇంక ఊరుకోలేకపోయాను.

అందులో ఉన్నది ఇదీ: అప్పగించమని మన దేశం అడిగినప్పుడు, లండన్ పారిపోయినవాడు "ఇది కక్షతో పెట్టిన కేసు, కోర్టు ప్రక్రియ దుర్వినియోగం" అని ఒక్క మాట అంటే చాలట, అక్కడి జడ్జి సీబీఐ ఫైలంతా వాడి చేతిలో పెట్టిస్తాడట. ఆయుధాల వ్యాపార దళారీ సంజయ్ భండారీ అలాగే బయటపడ్డాడట. జడ్జీలకు కేసుకింతని కమీషనట. అంచేత దేశ గౌరవం కోసం ఇకమీదట మనవాళ్లు ఒక్క కాగితం కూడా ఇవ్వకూడదట.

కమీషన్ ముక్కకు జవాబు రాయడం దండగ.

భండారీని లండన్ హైకోర్టు 2025 ఫిబ్రవరిలో వదిలేసిన మాట నిజమే. కానీ దానికి కారణం ఫైళ్లు కావు. తీహార్ జైల్లో డబ్బు కోసం బెదిరించి కొట్టే ప్రమాదం ఉందన్నారు. నల్లధనం కేసులో నిర్దోషినని రుజువు చేసుకునే భారం ఆయన మీదే పడుతుందన్నారు. తీర్పు వార్త సగం చదివినా ఈ సంగతి తెలిసేది.

ఇక ఆ "ఒక్క మాట". 2006లో లండన్ బో స్ట్రీట్ మేజిస్ట్రేట్ కోర్టు నిర్ణయాన్ని అమెరికా ప్రభుత్వం సవాలు చేసినప్పుడు అక్కడి హైకోర్టు దీనికి దారి స్పష్టంగా వేసింది. అవతలి దేశం చేసిన తప్పేమిటో నిందితుడు సూటిగా చెప్పాలి. అది నిజమైతే దుర్వినియోగం కింద లెక్కకొస్తుందా అని జడ్జి చూస్తారు. తర్వాత, అలా జరిగిందని నమ్మడానికి సరైన ఆధారముందా అని చూస్తారు. ఇవన్నీ దాటాకే, అప్పగించమన్న దేశాన్ని తనకు కావలసిన సమాచారం అడుగుతారు. మన దగ్గర విచారణకు ముందు పాత సీఆర్‌పీసీ 207, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 230 సెక్షన్ కింద నిందితుడికి కేసు కాగితాల కాపీలు ఇచ్చినట్టు అక్కడ ఇవ్వరు. అక్కడ తేల్చేది అప్పగించాలా వద్దా అన్నదే, నేర విచారణ కాదు కదా! రాజకీయ కక్ష అని విజయ్ మాల్యా కూడా అన్నాడు. 2018 డిసెంబరులో కింది కోర్టు ఒప్పుకోలేదు.

అసలు ప్రమాదం "ఒక్క కాగితం ఇవ్వొద్దు" అన్న వీరావేశంతోనే. జడ్జి అడిగారనుకోండి, మన ప్రభుత్వం మీసం మెలేసి "ఇవ్వం, ఏం చేస్తారో చేసుకోండి" అందనుకోండి. మన ప్రభుత్వాన్ని ఆ జడ్జి జైల్లో పెట్టరు, జరిమానా కూడా వేయరు. దుర్వినియోగం జరగలేదన్న నమ్మకం తనకు కుదరలేదని నిందితుణ్ని వదిలేస్తారు, అంతే. పారిపోయినవాడి లాయరు ఫీజు తీసుకుని కూడా చేయలేని పనిని మన దేశభక్తులు ఉచితంగా చేసిపెడతారన్నమాట! ఏటి బాబూ ఇది, ఈ మెసేజ్ రాసినవాడు ఎవరి వైపు?

ఇచ్చి గెలిచిన సందర్భం మాల్యా కేసులోనే ఉంది. అక్కడ గొడవ జైలు పరిస్థితుల గురించి, దుర్వినియోగం గురించి కాదు. అయినా చూడండి. ఆర్థర్ రోడ్ జైలు 12వ నంబరు బ్యారక్‌లో వెలుతురు ఎంత వస్తుందో తేలక, వీడియో తీసి పంపమన్నారు జడ్జి ఎమ్మా అర్బత్‌నాట్. పంపాం. గది, కిటికీ, టాయిలెట్ చూశారు. అప్పగించవచ్చన్నారు. సార్వభౌమత్వానికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఎవరూ అడగకపోయినా, తన కేసును కూల్చేసే విషయమేదైనా తెలిస్తే దాచకూడదన్న బాధ్యత అప్పగించమన్న దేశం మీద ఉంది. ఇది అవమానం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మెసేజ్ అడుగున ఎవరో కలిపిన ఒక ప్రశ్న మాత్రం గట్టిది: "ఫైలు చూడనిదే వాడు ఆధారం ఎక్కణ్నుంచి తెస్తాడు?" నిజమే. అధికారి సాక్షిని బెదిరించాడన్న రుజువు ఆ అధికారి ఫైల్లోనే ఉంటే, ఆధారం లేనిదే జడ్జి అడగరు, అడగనిదే ఆధారం బయటికి రాదు. ఆ దేశం నిజాయితీగా తనంతట తాను చెప్పాలి, లేదా ఆ సాక్షి అడ్డం తిరగాలి. నిజంగానే కక్షతో ఇరికించబడినవాడు ఒకడు దొరికితే, ఈ చట్టం వాడికి ఏమాత్రం సరిపోదు.