గూడెం లెక్కలోకి రావాలంటే

అల్లూరి జిల్లాలో పాడేరు దాటి లోపలికి వెళ్లేకొద్దీ ఊరు అనే మాటకు అర్థం మారిపోతుంది. రెవెన్యూ రికార్డులో ఒకటే గ్రామం. కొండెక్కి చూస్తే వాగు పక్కన పాతిక ఇళ్లు, గట్టు దాటాక మరో పదిహేను, ఆ పైన ఏడో ఎనిమిదో. గ్రామం పేరు మీద వచ్చే జనాభా అంకెలో ఆ పైనున్న ఎనిమిది ఇళ్లు కలిసిపోతాయి. రోడ్డు మాత్రం వాళ్ల దాకా రాదు.

ఎందుకంటే రోడ్డు కూడా తలల లెక్కతోనే వస్తుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానాల్లో 500 జనాభా ఉండాలంటే, ఏజెన్సీ ప్రాంతాల్లో 250 చాలన్నారు. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో, కొండరెడ్లు, పోర్జాల వంటి ఆదిమ గిరిజన తెగల ఆవాసాలకు దాన్ని 100కు తగ్గించారు. మంచి పనే. కానీ నలభై మంది ఉన్న గూడెం నుంచి నొప్పులొచ్చిన గర్భిణిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. నాకు ఇది ఏ కోణంలోనూ న్యాయంగా కనిపించదు.

ఇక బతుకుతెరువు సంగతి. సెన్సస్‌లో ఏడాదికి ఆరు నెలలు, ఆపైన పని చేస్తే మెయిన్ వర్కర్, తగ్గితే మార్జినల్ వర్కర్. ఆ పని కూడా సాగు, వ్యవసాయ కూలీ, ఇంటి పరిశ్రమ, ఇతరం అనే నాలుగు గడుల్లో ఏదో ఒకదాంట్లో ఇమడాలి. అరకు వైపు ఒక గిరిజన మహిళ ఏడాదిని చూడండి. వానాకాలం కొండపోడులో సామలు, రాగులు. నవంబర్ నుంచి జనవరి దాకా సిల్వర్ ఓక్ నీడలో ఎర్రగా పండిన కాఫీ పళ్లు మాత్రమే ఏరి కోయాలి, పచ్చివి కలిస్తే రేటు పడిపోతుంది. ఆ వెంటనే కొండచీపుర్ల పని. కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు మోయాలి. ఎండలు ముదిరేసరికి చింతపండు, గింజ తీసి, పీచు తీసి. మధ్యలో అడ్డాకులు, ఉపాధి హామీ పని. ఈమెను ఏ గడిలో రాస్తారు? సాగుదారు అని రాస్తే అడవి మీద ఆమెకున్న ఆధారం కనబడదు. కూలీ అని రాస్తే భూమి మీద ఆమెకున్న హక్కే మరుగున పడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం తిరిగే కుటుంబానికి ఇది చిన్న తేడా కాదు.

ఇప్పటికీ మన చేతిలో ఉన్నవి 2011 నాటి అంకెలే. దేశంలో గిరిజనులు 10.43 కోట్లు. అల్లూరి జిల్లా అప్పటికింకా పుట్టలేదు, 2022లో ఏర్పడింది. పాత లెక్కలు తీసి చూస్తే, ఏర్పడినప్పటి హద్దుల్లో ఈ జిల్లాలో పదిమందిలో ఎనిమిది మంది గిరిజనులే.

కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంటే ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టేది ఫిబ్రవరిలో. ఏజెన్సీలో సరిగ్గా అప్పుడే చీపుర్ల పని ఊపుమీద ఉంటుంది. భద్రాచలం వైపు గూడేల నుంచైతే మిర్చి కోతలకు కుటుంబాలు కుటుంబాలే వెళ్లిపోతాయి. అందుకే ఇంటింటి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్లుగా కువి, కోయ, ఆదివాసీ ఒడియా భాషలు తెలిసిన స్థానిక యువతనే పెట్టాలి. గ్రామం మొత్తానికి ఒకటే అంకె కాకుండా గూడేనికో అంకె బయటపెట్టాలి. తిరగడం కూడా పొద్దున్నే చీకటితోనో, సాయంత్రం పొయ్యి వెలిగించాకో జరగాలి. సంత రోజు మధ్యాహ్నం వెళ్తే గూడెంలో కనిపించేది ముసలివాళ్లు, చంటిపిల్లలే.